వదిన రాయించిన డెబ్బై

మొన్న మోకాళ్ల నొప్పికని దవాఖానకు పోతే, మనవరాలి ఈడు నర్సమ్మ నొప్పి పదిలో ఎంత ఉంటుందని అడిగింది. నా కళ్లముందు మా వదిన నిలబడింది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు, నేనింకా ఆలేరు చుట్టుపక్కల ఏఎన్ఎంగా తిరుగుతున్న రోజుల్లో, ఢిల్లీ నుంచి కొందరు వచ్చారు. కొత్త వైద్యమేదైనా సర్కారు ఇవ్వాలంటే, దానితో రోగి బతుకు ఎంత మెరుగవుతుందో ముందు తేల్చే కమిటీ ఒకటుందట, దాని తరఫు మనుషులు. కిడ్నీలు చెడిపోయినవాళ్లు డయాలసిస్ మిషను కోసం పట్నం పోకుండా, కడుపులోకి మందునీళ్లు ఎక్కించుకుని ఇంట్లోనే రక్తం శుభ్రం చేసుకునే పద్ధతిని మావైపు ఇవ్వవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లకు మన మాట రాదు గనుక, రోగులను అడిగి రాసే పని నాకప్పజెప్పారు.

అడగాల్సిన రోగుల జాబితాలో మా అన్న భార్య కూడా ఉంది. పెళ్లై వచ్చిన నాటినుంచి మగ్గం దిగని మనిషి, అప్పటికి వారానికి రెండుసార్లు పట్నం రైలెక్కి, మిషను మీద పడుకుని, తిరిగొచ్చాక గోడ పట్టుకుని గడప దాటేది. కాగితంలోని చివరి ప్రశ్నను మన మాటలో అడిగాను: ఏ బాధా లేని రోజు వంద అనుకుంటే, ఇయ్యాల నీ పాణం ఎంత మంచిగున్నది?

వదిన కొంగు సర్దుకుని, కుర్చీలో కూర్చున్న ఢిల్లీ పిల్లను చూసి నవ్వింది.

"గంత దూరంకెల్లి వచ్చిండ్రు, ఆళ్ల ముందట ఏడుస్తమా? మంచిగనే ఉన్న. డెబ్బై రాయి."

"నిజం చెప్పు వదినా."

"రాయమన్న గదా. జర ఆళ్లకు చాయ్ పెట్టు."

ఇరవై కూడా ఉండదని తెలిసీ డెబ్బై రాశాను. తక్కిన ఇళ్లలోనూ అదే తీరు, అందరూ మంచిగనే ఉన్నారు. వెళ్లే ముందు ఆ పిల్లే నాకర్థమయ్యే హిందీలో చెప్పింది, ఇప్పటి బతుకే ఇంత బాగుంటే కొత్త పద్ధతి చేసే మేలు కాగితం మీద చిన్నదైపోతుందని. దిద్దుతానన్నాను. రోగి చెప్పిన అంకె మార్చకూడదంది. అదీ న్యాయమే.

ఆ ఎండాకాలం వదిన రైలెక్కే ఓపిక లేక ఒక వారం ఆగిపోయింది, ఆ వారంలోనే పోయింది. తర్వాతెప్పుడో మా డాక్టరు చెప్పాడు, ఆ పద్ధతి మావైపు ఇప్పట్లో అక్కర లేదని కమిటీవాళ్లు అన్నారట. నేను రాసిన డెబ్బై వల్లనే అని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు.

ఇప్పుడు మిషన్లు దగ్గరికే వచ్చాయి, జనం కూడా నొప్పిని దాచుకోవడం మానేశారు. ఇంటికొచ్చినవాళ్ల ముందు బాధ చెప్పుకోని ఆ మర్యాద పోయిందని నా ఈడువాళ్లు వాపోతుంటారు. నాకు మాత్రం, అది మా వదిన ఉండగానే పోయి ఉంటే బాగుండేదనిపిస్తుంది.