ముత్తమ్మ చెప్పిన తీగ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటినుంచీ చిరాకు. శ్మశానం పక్కింట్లో ఏళ్ల తరబడి కిరాయికి ఉన్నవాణ్ణి, ఒక్క రాత్రి నిద్ర చెడలేదు. ఇది కూడా దయ్యం కథని చెప్పను. ఏమిటో తేలక చెబుతున్నాను.

నిజాం పాలన పోయిన మరుసటేడు. నేను సూర్యాపేటలో వ్యవసాయ శాఖ గుమాస్తాను. వరి మీద పురుగుమందు పొడి చల్లి చూపించడానికి ఒక తెల్లదొర చిన్న హెలికాప్టర్ తెచ్చాడు. ఊళ్లలో దాన్ని గాలిమోటరు అన్నారు. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చని నన్ను దొర వెంట తోలారు.

మిర్యాలగూడ దగ్గర రెండు రోజులు చల్లి నడిగూడెం వైపు వచ్చాం. దొర రెండు నిలువుల ఎత్తులోనే ఎగిరేవాడు. ఆయన భయమల్లా టెలిగ్రాఫు తార్ల గురించే. పైనుంచి తార్ కనబడదట, కంబాలను, అంటే దాన్ని మోసే స్తంభాలను, చూసి ఉందని తెలుసుకోవాలట. అందుకే ముందురోజు పొలం తిరిగి పటం గీసివ్వడం నా పని. పటం తప్పైతే ఆయన ప్రాణం పోయినట్టే.

అక్కడ చల్లాల్సిన పొలం గట్టున ముత్తమ్మ అనే కూలీ మనిషి గుడిసె ఉంది. భర్త పోయి ఏడాది. గుడిసె నిండా చిక్కుడు పాదు అల్లుకుంది. ఇక్కడ కంబాలు, తార్లు ఉన్నాయా అని అడిగాను.

"కంబాలన్నీ గొడవలల్ల నరికిన్రు గద సారూ. గా తాటిచెట్ల కాడ మా ఆయన కట్టిన తీగ ఉంటది, జర పైలం" అంది.

మా ఆఫీసులో తార్‌ను తార్ అనే అంటాం. తీగంటే నాకు చిక్కుడు తీగ, బీర తీగ. మందు పడ్డ కాయలు కొన్నాళ్లు కోయకమ్మా అని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఎండకు బద్ధకించి చెట్లదాకా పోలేదు. పటంలో రెండు తాటిచెట్లు గీసి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున దొర రెండు సార్లు బాగానే చల్లాడు. మూడోసారి ఆ చెట్ల నడుమకు సూటిగా పోతున్నవాడు ఉన్నట్టుండి పైకి లేపాడు. వచ్చి దించాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చెట్టు మీదికి మనిషినెందుకు ఎక్కించావని తిట్టాడు. ఆ మనిషి ఆగమన్నట్టు చెయ్యి ఊపాడట.

నేనెవర్నీ ఎక్కించలేదు. ఇద్దరం వెళ్లి చూశాం. ఎవరూ లేరు. చెట్ల మొదట్లో బురదలో మా అడుగులే ఉన్నాయి. కానీ రెండు చెట్లకూ నడుమ తార్ ఉంది. కిందనుంచి చూసినా వెతికితే గాని కనబడలేదు. నేను భయపడింది దయ్యానికి కాదు, నా పటానికి.

ముత్తమ్మ దగ్గరికి పరుగెత్తాను. "నిన్ననే జెప్పిన గద సారూ" అంది. కంబాలు పోయాక టెలిగ్రాఫు వాళ్లు ఆమె భర్తను కూలికి పెట్టుకుని తార్‌ను చెట్లకు కట్టించారట. అది కడుతూ అందులో ఒక చెట్టు మీదనుంచే పడి చనిపోయాడట. తర్వాత లైను రోడ్డు వెంట వేసి, దీన్ని మరిచారు.

సిగ్గుపడుతూ దొర చూసింది కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఏ సెయ్యి ఊపిండట?"

దొర నాకు చూపినప్పుడు ఎడమ చెయ్యి ఊపాడు. అదే చెప్పాను.

"మా ఆయనది పుర్రసెయ్యి వాటమే" అని కొంగుతో మొహం తుడుచుకుని కలుపు తీయడానికి పోయింది.

సాయంత్రానికి గుర్తొచ్చింది. నాకు చూపినప్పుడు దొర కుడిచేతిలో టోపీ ఉంది. ఊపడానికి ఎడమ చెయ్యే ఖాళీ. మళ్లీ అడుగుదామంటే ఆయన మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. ఒక మాట తప్పుగా విని మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. ఇప్పుడు ఇంకో మాట తప్పుగా చెప్పానేమో.

మర్నాడు ఆ తార్ తీయించాను. టోపీ సంగతి ముత్తమ్మకు చెప్పాలనే వెళ్లాను. ఆమె చెట్టు కింద తల ఎత్తి చూస్తూ నిలబడింది.

"తీగ తీసేసిన్రు గద సారూ. ఇగ దిగుతడు."

చెప్పకుండానే వచ్చేశాను. ఆ చెట్టు మీద ఎవరున్నారో నాకు ఇవాళ్టికీ తెలియదు.