సున్నం డబ్బా

పక్క క్వార్టర్ అక్క ఇన్వర్టర్ బ్యాటరీని జరుపుతుంటే అది ఒరిగి, ఆసిడ్ ఆమె కుడిచేతి మీద పడింది. కేక విని నేను వెళ్లేసరికి ఆమె మామ బకెట్‌తో నీళ్లు తెస్తున్నాడు. ఆయన గనిలో, కార్మికుల టోపీ దీపాలు ఛార్జి చేసే ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన మనిషి. నేను కాకా అంటాను.

"చెయ్యి ముంచు బిడ్డా, జల్ది."

నేను ఆపాను. బడి చదువు పదో తరగతితో ఆగినా లైబ్రరీలో కెమిస్ట్రీ పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ని. టైట్రేషన్‌లో ఆసిడ్‌లోకి క్షారాన్ని చుక్క చుక్కగా వదిలి, రంగు మారగానే ఎలా ఆపాలో టీ కొట్టు దగ్గర ఎందరికో చెప్పాను.

"నీళ్లతోని ఏమైతది కాకా? సున్నం క్షారం. ఆసిడ్‌ను చంపుతది."

"మా టోపీ దీపాల బ్యాటరీలల్ల గిదే ఆసిడ్ ఉండె. తలుపు పక్కన ఎప్పుడు నీళ్ల బకెట్ పెట్టుకునేది. మీద పడితె ముంచుడే."

"మీరు పుస్తకాలు చదివిండ్రా?"

ఆ మాట నేనే అన్నాను. కాక బకెట్ కింద పెట్టాడు. తమలపాకుల కోసం ఆయన ఉంచుకున్న సున్నం డబ్బానే తెరిచాను. చుక్కల లెక్క చెప్పినవాణ్ని, సగం డబ్బా అక్క చేతికి పూశాను.

"మండుతాంది తమ్మీ."

"పని చేస్తాంది అక్కా."

నా వేళ్లకే వేడి తగిలింది. అప్పుడు కాక నన్ను పక్కకు నెట్టి బకెట్ మొత్తం గుమ్మరించాడు.

దవాఖానలో డాక్టరు చేయి తిప్పి చూశాడు. "సున్నం ఎవరు పెట్టారు? ఆసిడ్ కంటే దీనివల్లే ఎక్కువ కాలింది."

అక్క నావైపు చూడలేదు. "నేనే పెట్టుకున్న సార్, తెల్వక."

"నీళ్లు పొయ్యమని చెప్పేవాళ్లే లేరా ఇంట్లో?"

కాక అక్క చెయ్యి కింద తువ్వాలు సర్దాడు. నేను గోడ మీది టీకాల పట్టిక చదువుతూ నిలబడ్డాను. మూడుసార్లు చదివాను.

మర్నాడు లైబ్రరీలో ఆ పేజీ తీశాను. నేను పెన్సిల్‌తో గీత గీసిన వాక్యం కిందనే ఉంది: ఆసిడ్, క్షారం కలిస్తే వేడి పుడుతుందని.

చెయ్యి మానక, అక్క కుట్టు మిషన్ మీద కప్పిన చీర ఇంకా తియ్యలేదు. నిన్న మలాం ట్యూబు పట్టుకుని వచ్చింది.

"రోజుకెన్నిసార్లు రాయాల్నో చదివి చెప్పు తమ్మీ. నువ్వైతె మంచిగ చదువుతవు."

ట్యూబు మీదిది రెండుసార్లు చదివి, అప్పుడు చెప్పాను. ఆ సున్నం నేనే పెట్టానని డాక్టరుకు చెప్పడానికి మాత్రం ఇంకా పోలేదు.