మావయ్య దారంతో కొలిచిన దారి

మా మావయ్య టైలరు. మనిషి గుమ్మంలో అడుగు పెట్టేలోపే చొక్కా కొలత చెప్పేస్తాడు. ఆ మనిషి చెప్పులు విప్పేలోపు కుట్టేస్తాడని కూడా నేను ఊరంతా చాటుతుంటాను. తొమ్మిదో తరగతిలోనే బడికి సెలవిచ్చినవాణ్ణి, నన్ను లెక్కలెవరు అడుగుతారు?

ప్రతి ఆదివారం అత్తయ్యతో కలిపి పన్నెండు మందిమి పొలాలూ కొండలూ పట్టుకుని నడకకు పోతాం. ఏ దారిన పోవాలో, ఎంతసేపు పడుతుందో తేల్చే పని ఇన్నాళ్లూ మా ఊరి కాంపౌండరుది. మొన్న మొదటిసారి, ఎంతో బతిమాలాక, మావయ్యకిచ్చారు. లెక్క తప్పితే ఇక మళ్లీ దక్కదు. తిరుగు బస్సు ఒక్కటే, మధ్యాహ్నం మూడుకి.

మావయ్య తన కత్తిరించే బల్ల మీద కాంపౌండరు ఇచ్చిన పటం పరిచాడు. దారి వంపుల వెంట ఎర్ర దారం పెట్టి, దాన్ని టేపుతో కొలిచాడు.

"పదహారు కిలోమీటర్లు. గంటకి నాలుగు. తిండికో అరగంట. పదికి బయల్దేరితే రెండున్నరకి బస్టాపు!"

సరిగ్గా పన్నెండుకి సగం దారి అయింది. మావయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తిన్నాక పన్నెండున్నరకి డబ్బాలు సర్దుతుంటే కాంపౌండరు ఎదుటి కొండకేసి గడ్డం ఎగరేశాడు.

"టైలరుగారూ, దీన్నెక్కడానికి ఎంతసేపు వేశారు?"

మావయ్య నాలుక కరుచుకున్నాడు. పొట్ట ఉన్నవాడికి గుడ్డ ఎక్కువ పడుతుందని ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి, అంత కొండనీ బల్ల మీది గుడ్డలా చదునుగా కొలిచేశాడు!

"ఏం మావయ్యా, కొండకి ఇస్త్రీ చేశావా?" అన్నాను.

"నోర్ముయ్ రా అల్లుడూ! ఆ దారం కొస పట్టుకో!"

గడ్డి మీదే పటం పరిచి కొండ ఎత్తు చూపే గీతలు లెక్కపెట్టాడు. ముప్పై. గీతకి రెండు నిమిషాలు, అంటే ఇంకో గంట. బస్సు పోయినట్టే! గబగబా దారాన్ని కొండ మీంచి లాగేసి, ఒక్క గీతా దాటకుండా కింద వాగు పక్కగా తిప్పాడు. ఎనిమిదికి బదులు తొమ్మిదిన్నర కిలోమీటర్లు.

"పొడుగే, కానీ ఎక్కేది లేదు. రెండు యాభై రెండుకి చేరతాం. లేవండి, లేవండి!"

"ఈసారి లెక్క మీ కాళ్లకా, నా కాళ్లకా?" అంది అత్తయ్య.

"నీ కాళ్లకేనే, నడు!"

నడిచాం. మా నీడలు వెనకబడి, ఆగమని కేకలేశాయంటే నమ్మండి. ఆఖరి మలుపు తిరిగేసరికి బస్టాపు కనిపించింది. బస్సింకా రాలేదు!

కాంపౌండరు గడియారం చూసుకున్నాడు. "రెండు యాభై మూడు. నిమిషం ఆలస్యం," అన్నాడు మొహం ముడిచి. ఆ తర్వాత, పటం తిరిగివ్వడానికి మావయ్య చాపిన చేతిని వెనక్కి నెట్టేశాడు. "మీ దగ్గరే ఉంచండి. వచ్చే ఆదివారం వాగు అవతలికి పోదాం."

బస్సొచ్చింది. అందరం ఎక్కాం. మావయ్య మాత్రం రోడ్డు మీదే పటం విప్పి నిలబడ్డాడు. అత్తయ్యా నేనూ చెరో రెక్కా పట్టుకుని లోపలికి లాగాల్సి వచ్చింది.