దొర ఎడమచేతి బొటనవేలు

మా గని మేనేజరు కొట్టిన గోల్ఫు బంతి ఎప్పుడూ కుడికే పోయేది. కుడికి పోతుందని గోదావరిఖనిలో అందరికీ తెలుసు. ఎందుకు పోతుందో మాత్రం ఇద్దరికే తెలుసు. ఒకడు దొర గోల్ఫు కర్రల సంచి మోసే మా బావ, రెండోవాణ్ని నేను. ఆ సంగతి దొరకు చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు.

డెబ్బైల మొదటి సంవత్సరాల మాట ఇది. ఆఫీసర్ల బంగళాలకూ మా గుడిసెల లైనుకూ మధ్య ఒక బీడు ఉండేది. అందులో తుమ్మచెట్లు కొట్టించి దానికి గోల్ఫు మైదానమని పేరు పెట్టారు. గడ్డి మొలిచే నేల కాదు. అందుకని బంతి చివరకు చేరే చోట గోదావరి ఇసుక పోసి, కాలిన ఇంజను ఆయిలు కలిపి, రోలరుతో తొక్కించారు. గుంటలో పాలడబ్బా పాతి పక్కన జెండా నిలబెట్టారు. పుస్తకాల్లో ఆ చోటును గ్రీను అంటారు. మాది నల్లగా ఉండేది.

దొర బంతి కొట్టడానికి నిలబడితే ఎడమ పక్క బంగళాలు, కుడి పక్క మేము. ఇరవై రెండు గుడిసెలు, ఒక నల్లా. బంతి మొదట బుద్ధిగా జెండా దిక్కే బయలుదేరేది. సగం దూరం పోయాక ఏదో గుర్తొచ్చినట్టు కుడికి తిరిగి మా కప్పుల మీద పడేది. ఒక ఆదివారం మా వాకిట్లో నీళ్ల గోలెం పగిలింది. బంతి వెతుక్కుంటూ వచ్చిన బావను మా ఆవిడ పట్టుకుంది.

"అన్నా, మీ దొరకు గంత పెద్ద జెండా అగుపడదు గని మా గోలెం అగుపడ్తదా?"

"ఆయన జెండనే చూస్తడు చెల్లె. బంతికే మీ ఇల్లు నచ్చింది."

ఆ కుడి తిరుగుడుకు కారణం కనిపెట్టడానికి మా గని మేధావులంతా కూడారు. అండర్ మేనేజరు గాలి అన్నాడు. డాక్టరు కర్ర బరువు సరిగా లేదన్నాడు. ఇంజనీరు ఈసారి బంతులు నాసిరకానివి వచ్చాయన్నాడు. సర్వేయరు అందరినీ మించిపోయాడు. మూడు కాళ్ల పరికరం తెచ్చి రెండు రోజులు మైదానం కొలిచి, కింద బొగ్గు తీసినందువల్ల నేల కుడి వైపుకు వాలిందని కాగితం మీద రాసిచ్చాడు. గాలిలో పోయే బంతికి నేల వాలుతో పనేమిటని ఎవరూ అడగలేదు. దొరకు ఆ కారణమే బాగా నచ్చింది.

బొగ్గు బాయిలో కప్పు పెళ్ల ఊడి కూలీ కాలు విరిగితే విచారణ అరగంటలో ముగిసేది. కూలీ అజాగ్రత్త అని తేలేది. నాలుగు నెలలు జరిపినా ఎవరి చెయ్యి తప్పో తేలని విచారణను నేను ఆ మైదానంలోనే చూశాను.

చివరకు తేలిందేమంటే, బంతి కుడికి పోతున్నది కనుక కుడి పక్క ఉన్నవాళ్లు లేచిపోవాలి. నల్లా పక్క స్తంభానికి నోటీసు అంటించారు. బంతుల వల్ల ప్రాణాపాయం ఉన్నందున, గుడిసెలవారి క్షేమం కోరి, మూడు నెలల్లో ఒర్రె అవతలికి మారాలని దాని సారాంశం. ఒర్రె అవతల నల్లా లేదు. బాయిలోంచి మోటరు తోడిపోసిన నల్లటి నీళ్లు పారే ఒర్రె ఒక్కటే ఉంది.

"మన మంచికేనట?" అంది మా ఆవిడ.

"అట్లనే రాసిండ్రు."

"మన మంచి కోరెటోడు ఆ కర్ర పక్కకు పెట్టొచ్చు గద."

నేను అప్పుడు లాంపు రూంలో పని చేసేవాణ్ని. షిఫ్టుకు దిగేవాళ్లకు తల దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం, తెగిన వైర్లకు రబ్బరు టేపు చుట్టడం. మధ్యలో చదువుకోవడానికి బోలెడు సమయం. పదో తరగతి తప్పినవాణ్ని. కానీ కార్మికుల పఠన మందిరంలో మూడు బీరువాల పుస్తకాలు మొదటినుంచి చివరిదాకా చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఆఫీసర్ల క్లబ్బు పారేసిన పుస్తకాలు ఒక పెట్టెలో మా మందిరానికి వచ్చేవి. వాటిలో అట్ట ఊడిన ఇంగ్లీషు గోల్ఫు పుస్తకం ఒకటి కనబడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు చదివాను.

అందులో గాలి గురించి లేదు, నేల వాలు గురించి అసలే లేదు. ఉన్నదంతా చెయ్యి గురించే. ఎడమచేతి బొటనవేలు కర్ర మీద నిటారుగా, నడిమధ్యన కూర్చుంటే, బంతికి తగిలే క్షణంలో కర్ర మొహం బయటికి తెరుచుకుంటుంది, బంతి కుడికి వంగుతుంది. ఆ చేతిని కొద్దిగా కుడికి తిప్పాలి. బొటనవేలు కర్రకు కుడి పక్కకు జరగాలి. కిందికి చూసుకుంటే వేళ్ల మొదటి గణుపులు రెండు కనిపించాలి. పట్టు అరచేతిలో కాక వేళ్లలో ఉండాలి. పిట్టపిల్లను పట్టుకున్నట్టు, అది ఎగిరిపోకుండా, చావకుండా.

గొడ్డలి కామ ఒకటి తీసుకుని వాకిట్లో సాధన చేశాను.

"గొడ్డలేది? ఉత్త కామ పట్టుకొని ఏం జేస్తున్నవ్? కట్టెలు కొట్టుడా, కామకు పూజనా?" అంది మా ఆవిడ.

బావ వస్తే కామ చేతికిచ్చి, దొర ఎట్లా పడతాడో పట్టి చూపమన్నాను. పట్టాడు. బొటనవేలు నడిమధ్యన మేకులా నిలబడింది.

"పాము మెడ పట్టినట్టు పడ్తడు బావా. వేళ్లల్ల రక్తం ఆడది."

"గణుపులు ఎన్ని కానొస్తయ్?"

"ఒక్కటి గూడ కానరాదు."

పుస్తకంలో తప్పు పట్టు అని వేసిన బొమ్మ అచ్చం అదే. రోగం పేరు తెలిసిన వైద్యుడిలా పొంగిపోయాను. ఆ పొంగు ఎంతోసేపు లేదు.

"మరి చెప్పరాదా దొరకు?" అన్నాను.

"బుక్కు సదివింది నువ్వు. నువ్వే చెప్పు."

"సంచి మోసేది నువ్వు."

"మోస్తున్న గనుకనే చెప్త లేను. నీ చెయ్యే సక్కగ లేదు దొరా అంటే రేపు పొద్దుగాలనే నన్ను బాయిల మూడో లెవల్ల నీళ్లల్ల దించుతడు. నీకు దీపాలు లేకుంట జేస్తడు."

నోటితో చెప్పలేని మాట కర్రతోనే చెప్పించాలనిపించింది. ప్రతి సోమవారం బావ కర్రలు తుడవడానికి ఇంటికి తెచ్చేవాడు. ఆ సోమవారం లాంపు రూంకు తెచ్చాడు. కర్ర పిడి పొడుగునా సన్నని నులక తాడు ఒకటి అంటించి, దాని మీద రబ్బరు టేపు చుట్టాము. పైకి మామూలుగానే కనిపిస్తుంది. పట్టుకుంటే మాత్రం తాడు చేసిన గట్టు వేళ్లను తన దారికి తెచ్చుకుంటుంది, బొటనవేలు నడుమ నిలవలేక కుడికి జారుతుంది. మొదటి కర్ర తప్పు చుట్టాను. పుస్తకంలో బొమ్మ నాకు ఎదురుగా నిలబడి ఉంది కనుక కుడి ఎడమలు తారుమారు చేశాను. బావకు అక్షరం రాదు, ఆ తప్పు పట్టింది ఆయనే.

"దొర నీ ఎదురుంగ నిలవడడు బావా. కర్ర ఎనుక నిలవడ్తడు."

విప్పి మళ్లీ చుట్టాను. ఎనిమిది కర్రలకూ చుట్టాము.

ఆదివారం లైనంతా వాకిళ్లలో కూర్చుంది. దొర కర్ర పట్టుకుని ఆగాడట. ఆ రోజు జరిగిన మాటలు బావ చెప్పాడు.

"ఏవిటిది?"

"చెమటకు జారకుండ లాంపు రూం టేపు చుట్టిన సార్."

దొర వేళ్లు రెండుసార్లు సర్దుకున్నాడు. మొదటి బంతి నేల మీద దొర్లింది. రెండోది లేచి జెండా దిక్కే పోయింది. మేమంతా కుడికి ఎప్పుడు తిరుగుతుందా అని చూశాము. తిరగలేదు. మూడోదీ అంతే. దొర కర్ర దిక్కు చూడలేదు, సర్వేయరు దిక్కు చూశాడు. సర్వేయరు తడుముకోకుండా, "మొన్న రోలరు తిప్పించాను సార్, నేల సర్దుకుంది," అన్నాడు.

రెండు వారాల్లో ఆఫీసర్ల కర్రలన్నిటికీ అదే టేపు పడింది. దొర కర్రకు ఉన్నది తమ కర్రకు లేకపోవడం ఎవరికీ భరించదగినది కాదు. నేనే చుట్టాను, నులక తాడుతో సహా. ఉన్నది ఉన్నట్టే కావాలన్నారు. డాక్టరూ ఇంజనీరూ అంతకుముందు తిన్నగా కొట్టేవాళ్లు. వాళ్ల చేతులు సరిగానే ఉండేవి. ఇప్పుడు ఆ సరైన చేతులు మరికాస్త తిరిగిపోయి బంతులు ఎడమకు పోసాగాయి. ఎడమన బంగళాలు. అద్దాలు పగిలాయి. అయినా టేపు విప్పినవాడు లేడు. బంగళాలకు నోటీసు అంటించినవాడూ లేడు. వారం తిరగకముందే అటు పక్క రెండు నిలువుల ఎత్తున ఇనుప వల కట్టారు.

మా స్తంభం మీది నోటీసు మాత్రం అట్లాగే ఉంది. గడువు ఇంకో నెల. బంతి పడకపోతే ఎవరు లేపుతారని లైనులో ధీమాగా ఉన్నారు. నాకు ఆ ధీమా లేదు. బంతి తిన్నగా పోతున్నదని కాగితానికి ఎవరు చెప్తారు? వెల్ఫేర్ ఆఫీసరును కలిసి అడిగితే, "నోటీసు ఇచ్చినంక ఇచ్చినట్టే," అన్నాడు.

అప్పుడు నేను ఒక అర్జీ రాశాను. బంగళాలకు కట్టినట్టే మా లైనుకూ బంతుల బారినుంచి ఇనుప వల కట్టించగలరని ప్రార్థన.

మా ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కోబోయింది. "పడని బంతికి వల అడుగుతవా? ఉన్న ఇల్లు పోతున్నది, నీకు వల కావాల్నా?"

"జవాబు రానియ్యి," అన్నాను.

పదో రోజున వచ్చింది, టైపు చేసి. విచారణ జరిపించగా గుడిసెల వైపు ఆరు వారాలుగా ఒక్క బంతీ పడిన దాఖలా లేదు, ప్రాణాపాయం లేదు, కనుక వల అవసరం లేదు, అర్జీ తిరస్కరించడమైనది. కింద వెల్ఫేర్ ఆఫీసరు సంతకం. తిరస్కారాన్ని అంత ఆనందంగా నేను మళ్లీ ఎన్నడూ చదవలేదు.

స్తంభం మీది నోటీసు ఊడదీసి, రెండు కాగితాలూ తీసుకుపోయి ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

"ఏందయ్యా, వల రాదని రాసినం గద."

"వల అద్దు సార్. ప్రాణాపాయం ఉన్నదని ఇది అంటున్నది, లేదని ఇది అంటున్నది. రెండింటి మీద సంతకం మీదే. ఏది నిజమో చెప్తే అట్లనే నడుచుకుంటం."

ఆయన రెండూ చదివాడు. మళ్లీ చదివాడు. ఉన్నదంటే వల కట్టాలి. లేదంటే నోటీసు ఉత్తది. నోటీసును మెల్లగా సొరుగులోకి జరిపాడు.

"ఇగ పో. ఎవ్వలు లేపరు మిమ్ముల."

"రాసియ్యుండ్రి సార్."

నా మొహం దిక్కు చూడకుండానే, నోటీసు ఉపసంహరించడమైనదని ఆ జవాబు అంచున రాసి సంతకం చేశాడు.

ఇంటికి వచ్చేసరికి నీళ్లు వదిలే వేళయింది. లైను ఆడవాళ్లంతా నల్లా దగ్గరే ఉన్నారు. అక్కడే నిలబడి పైనుంచి కిందిదాకా చదివి వినిపించాను. వివరంగా చెప్పుదామని గొంతు సవరించుకుంటుంటే మా ఆవిడ నల్లా కింద బిందె పెట్టింది.

"సమజైంది తియ్యి. కాయితం తడుస్తది, పక్కకు జరుగు."