విమానంలో వచ్చిన చేతికర్ర

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు వానాకాలంలో నేను నల్గొండ కలెక్టరేట్‌లో నాయబ్ తహసీల్దారుగా ఉన్నాను. వరద, పిడుగుపాటు, వడదెబ్బ చావుల ఫైళ్లు చూసే సెక్షన్ నాది. ఆ రోజుల్లోనే ఉత్తరాది కొండల్లో యాత్రికుల దారి మీద కొండచరియ విరిగిపడింది. పానగల్ దగ్గరి ఒక పల్లె నుంచి వెళ్లిన లింగయ్య అనే గొర్రెలకాపరి గల్లంతయ్యాడు. ఇలాంటప్పుడు అక్కడి అధికారులతో మాట్లాడి, ఇంటివాళ్లను వెంటబెట్టుకుని రావడానికి రెవెన్యూ శాఖ ఒకరిని పంపుతుంది. నన్ను పంపారు. లింగయ్య కొడుకు, చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేసే మల్లేశం నాతో వచ్చాడు.

లింగయ్య భార్య సత్తెమ్మ అక్కడే సత్రంలో ఉంది. ఇద్దరూ కలిసే యాత్రకు పోయారు. ఆమె నడక మెల్లగా సాగుతుంటే, తాను ముందు పోయి మలుపు దగ్గర కూర్చుంటానని చెప్పి వెళ్లాడట. కొండ ఆ మలుపు మీదే పడింది.

చాలా రోజులు వెతికారు. కింద నది ఒడ్డున బురదలో ఒక చేతికర్ర తప్ప ఏమీ దొరకలేదు. సత్తెమ్మ చూడగానే గుర్తుపట్టింది. మధ్యలో చీలితే లింగయ్య రాగితీగ చుట్టుకున్న కర్ర అది. తర్వాత వెతుకులాట ఆపేశారు.

శవం దొరకని చావును ఆఫీసు వెంటనే చావు అనదు, ఆచూకీ లేదంటుంది. విచారణ జరగాలి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి, ఆ తర్వాతే మరణ ధ్రువపత్రం. ఇదంతా మల్లేశానికి వివరించాను. సత్తెమ్మ పక్కనే కూర్చుని విన్నది. తమవాళ్లు చనిపోయినవాళ్లను పూడ్చిపెడతారని, మనిషి దొరకలేదు కాబట్టి ఈ కర్రనే పూడుస్తామని చెప్పింది. మరునాటికి బొంద తవ్వి ఉంచమని ఫోన్లో మరిదికి చెప్పించింది.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర కర్రను ఆపారు. నడవడానికి ఆసరా కావలసినవాళ్ల చేతికర్రను ఎక్స్‌రే తీసి లోపలికి పంపుతారు. ఆసరా అక్కర్లేని మనిషి చేతిలో అదే కర్ర ఆయుధం కింద లెక్క, సామాన్లతో పాటు విమానం అడుగున వేయాలి. నేను గుర్తింపు కార్డు చూపించి సంగతి చెప్పాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. ఆమె కర్ర పట్టుకుని నాలుగడుగులు ఆనుకుంటూ నడిస్తే తాను చూసుకుంటానని హిందీలో నాతో అన్నాడు. ఆ మాటే సత్తెమ్మకు చెప్పాను.

"నా కాళ్లు మంచిగనే ఉన్నయ్ సారు," అన్నదామె. "అబద్ధమాడి తీస్కపోవాల్నా ఆయనను?"

అయితే సామాన్లలో వేయక తప్పదని చెప్పాను. ఆమె కర్రను రెండు చేతులతో రొమ్ముకు అదుముకుంది.

"మనిషిని సామాన్లల్ల ఎయ్యమంటరా?"

విమానం ఎక్కే పిలుపు వచ్చింది. వెనక వరుసలో జనం విసుక్కుంటున్నారు. మల్లేశం తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"గట్ల అనుకోకమ్మా. మనం పైన కూసుంటం, బాపు కింద ఉంటడు. ఒక్క ఇమానంలనే పోతున్నం గదా."

ఆమె వేళ్లు సడలడానికి కొంతసేపు పట్టింది. కర్రకు తన పాత చీర చుట్టి ఇచ్చింది. విమాన సంస్థ మనిషి దానికి చీటీ అంటించి తీసుకుపోయాడు.

శంషాబాద్‌లో అందరి పెట్టెలూ వచ్చాయి, బెల్టు ఆగిపోయింది, కర్ర రాలేదు. పొడుగు వస్తువులకు వేరే తలుపు ఉంటుందంటే అక్కడికీ పోయి చూశాం. కర్ర మేం విమానం ఎక్కిన చోటే ఉండిపోయిందని, మరునాటి విమానంలో వస్తుందని చెప్పారు.

సత్తెమ్మ ఇంటికి రానన్నది. బయట గోడవారన తువ్వాల పరుచుకుని కూర్చుంది. ఊళ్లో తవ్విన బొందను ఖాళీగా ఉంచకూడదని పెద్దలు మళ్లీ మట్టి పోసి పూడ్చారు. ఆ కబురును మల్లేశం తన తల్లికి చెప్పలేదు. "ఒక్క ఇమానంలనే అని నేనే చెప్పిన సారు," అని మాత్రం నాతో అన్నాడు. నేనూ వాళ్లతోనే ఉండిపోయాను.

మరునాడు కర్ర వచ్చింది. రాగితీగ ఊడిపోయి, చీలిన చోటే రెండుగా విరిగింది. సత్తెమ్మ రెండు ముక్కలనూ ఒడిలో పెట్టుకుని జీపులో కూర్చుంది. ఊళ్లో బొంద మళ్లీ తవ్వారు. ముక్కలను కడిగి, కొత్త బట్టలో చుట్టి, నలుగురు మోసుకుపోయారు. అప్పటిదాకా తీయనివ్వని గాజులను ఆమె ఆ మట్టి దగ్గరే తీయనిచ్చింది.

లింగయ్య చనిపోయినట్టు ఆఫీసు ఒప్పుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ కాగితం వచ్చినప్పుడు మల్లేశం ఒక్కడే వచ్చి తీసుకుపోయాడు.

రిటైరయ్యేలోపు ఇలాంటి పని మీద మరోసారి వెళ్లవలసి వచ్చింది. బయలుదేరే ముందే, తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఏం పట్టుకుని రావాలనుకుంటున్నారని ఆ ఇంటివాళ్లను అడిగాను. విమానం టికెట్లు ఇస్తామన్నా వద్దని రైలు టికెట్లు రాయించుకున్నాను.