కెమెరా పక్కకు తిప్పిన చోట

మొన్న సుచిత్ర సర్కిల్ దగ్గర ఉంటున్న మా అక్క ఇంటికి పోతే, ఆమె మనవరాలు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, ఇది మీ కాలం వీడియోలాగే ఉందా లేదా చెప్పు తాతా అని అడిగింది. ఏఐతో చేయించిన బొమ్మట. రంగులు ఒకదాని మీదికొకటి కారినట్టున్నాయి, అడుగున అడ్డంగా గీతలు, మూలన తేదీ అంకెలు. ఆ గీతలు రాకూడదనే కదా మేము స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో వీసీఆర్ హెడ్డు తుడిచి తుడిచి వేళ్లు అరగదీసుకున్నది, ఇప్పుడు అవే ముద్దొస్తున్నాయట, వీళ్లకేం చెప్పాలి. ఆ మాటే అనబోయి ఆగిపోయాను. బొమ్మలో పెళ్లిపీటల మీద మా అక్క, పక్కనే మా అమ్మ ఉన్నారు.

మేడ్చల్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్న నేను మొదటిసారి సొంతంగా కెమెరా భుజాన పెట్టుకున్నది శామీర్‌పేటలో మా అక్క పెళ్లికే. ఆ బరువుకు భుజం వాచిపోతే మర్నాడు మా అమ్మే ఉప్పు మూటతో కాపడం పెట్టింది. మా నాయిన పోయి అప్పటికి ఏడాదిన్నర. భర్త పోయిన ఆడమనిషి పెళ్లిలో ఎదురుపడకూడదన్నది మీ అందరికీ తెలిసిన ఆచారమే, అందుకని అమ్మ వంటింటి తలుపు వెనకే ఉండిపోయి, అప్పగింతల వేళ మాత్రం మనసాగక గడప దాకా వచ్చింది. ఆమె కొంగు నా కెమెరాలో పడగానే మా మేనమామ కళ్లతో సైగ చేశాడు, నేను కెమెరాను బ్యాండువాళ్ల మీదికి తిప్పేశాను. ఆయన్ని అని ఏం లాభం, చెయ్యి నాది. కొన్నేళ్లకు ఆ క్యాసెట్టు బూజు పట్టి పోయినప్పుడు లోలోపల ఎంత తేలికపడ్డానో ఎవరికీ చెప్పలేదు.

ఈ పిల్ల మా అక్క పెళ్లి ఫోటోను, మా అమ్మ రేషన్ కార్డు ఫోటోను ఇచ్చి, రెండూ కలిపి బొమ్మ చెయ్యమని ఏఐని అడిగిందట. ఆ యంత్రానికి మన ఆచారాలేం తెలుసు, పెళ్లికూతురి తల్లి కదా అని అమ్మకు రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా గాజులు, తలలో పూలు పెట్టేసింది. నా ముఖం చూసి పిల్ల నాలుక కరుచుకుని, తప్పైంది తాతా, అవన్నీ తీయించి మళ్లీ చేయిస్తానంది.

“ఉండనియ్యి బిడ్డా,” అంది అక్క.

ఆ మాటతో నాకు దుఃఖం ఆగలేదు. ఆ రోజు అమ్మ వస్తుంటే కెమెరా పక్కకు తిప్పేశానని ఇన్నేళ్లకు అక్కతో చెప్పేశాను. ఆమె బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

“నాకెర్కనే తమ్మీ. అత్తగారింట్ల గా క్యాసెట్ ఏసినప్పుడల్లా, బ్యాండోళ్లు వచ్చినకాడనే కండ్లు పెట్టి సూస్తుంటి. గా పక్కనే అమ్మ ఉన్నదని.”

ఇప్పుడు మా వైపు ఫంక్షన్ హాళ్లలో అలాంటి తల్లుల్ని పిల్లలే చెయ్యి పట్టుకుని పీటల దాకా తీసుకొస్తున్నారు, కెమెరా తిప్పమని సైగ చేసేవాళ్లు తగ్గారు, చూస్తుంటే కడుపు నిండుతుంది. ఆ బొమ్మలో అమ్మ నవ్వుతోంది. నిజంగా ఆ గడపలో నిలబడి నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. కెమెరాతో పాటు నేనూ ముఖం తిప్పేసుకున్నాను.