దొరసాని పచ్చికలో దేవుడి గరిక

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో కొండ మీద ఒక రాజ్యం ఉంది, దాన్ని కాపాడిన వీరుడున్నాడు, నేల కింద నుంచి చప్పుడు లేకుండా దండెత్తే శత్రువు ఉంది, దేవుడు స్వయంగా కలగజేసుకోవడం ఉంది, చివర రాజ్యం పోగొట్టుకుని అందరూ వనవాసానికి దిగిపోవడమూ ఉంది. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పేయడం మంచిది. రాజ్యమంటే ఈ చెరకు దీవిలో, ఎత్తు మీదున్న క్యూర్‌పైప్ ఊళ్ళో ఒక బంగళా వెనక రేకుల గది. వీరుడంటే ఆ బంగళాలో తోటపని చేసిన మా నాన్న. శత్రువంటే గరిక, మీరూ నేనూ వినాయకుడికి పెట్టే గరికే. దేవుడు మాత్రం నిజంగానే కలగజేసుకున్నాడు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముప్ఫై నిండకుండా జ్ఞాపకాలు రాయడమేమిటని పెద్దవాళ్ళు నవ్వుకోవచ్చు గాని, మన ఈడువాళ్ళలో చలిజ్వరం ఎంతమందిని మిగిల్చిందో ఒకసారి చుట్టూ చూసుకుంటే, రాయగలిగినప్పుడే రాసేయడం తెలివైన పని అని మీకే తోస్తుంది. దానికి తోడు మొన్న ఆదివారం మా ఆయన ఒక పొడుగాటి గడ్డితీగ చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఆయన ఇక్కడ బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో చెరకు తూకం రాసే గుమాస్తా. ఏదో పని మీద క్యూర్‌పైప్ వెళ్ళి, అక్కడి ఇళ్ళ ముందు తివాచీ పరిచినట్టున్న పచ్చికలు చూసి వచ్చినప్పటి నుంచి మనింటి ముందూ ఒక "పెలూజ్" ఉండాలని పట్టుబట్టారు. దొరలు తమ పచ్చికను అలా పిలుస్తారు. మా ఇంటి ముందున్న జాగాలో ఒక ఆవును కట్టేస్తే రెండో ఆవు ఆలోచించుకుని రావాలి.

"ఇదేటో చూడు. పీకతా ఉంటే తాడులాగ వస్తానే ఉంది గాని అవడం లేదు," అన్నారు.

"గరిక," అన్నాను కూర కలుపుతూనే.

"చూడకండానే చెప్పేస్తన్నావే?"

"తాడులాగ వస్తానే ఉందని మీరే చెప్పేరు కదా."

"అంటే మన తూకం దొర తిట్టుకుంటాడు చూడు, షియెందాన్ అని, అదేనా?"

"అదే. దొర తోటలో తిట్టించుకుంటది, మనింట్లో దణ్ణం పెట్టించుకుంటది."

ఆయన నవ్వి, మరి దీన్ని వదిలించుకోవడం ఎలాగని అడిగారు. ఈ దీవిలో గరికను వదిలించుకోవడం గురించి మా కుటుంబానికి తెలిసినంత బహుశా ఇంకెవరికీ తెలియదు, ఆ తెలియడానికి మేమిచ్చిన వెల తలుచుకుంటే కూరలో ఉప్పు వేశానో లేదో కూడా మరిచిపోయాను. రెండుసార్లు వేశానని భోజనాల దగ్గర తెలిసింది.

మా అమ్మ ఈ బెల్ ఎయిర్‌లోనే చలిజ్వరంతో పోయింది. అప్పటికి మా చెల్లెలు ఇంకా పాకుతోంది. కింద తీరంలో ఉంటే ఈ పిల్ల కూడా దక్కదని, పై కొండల చలిలో ఆ జ్వరం ఉండదని అందరూ చెబితే, నాన్న చెరకు పని వదిలి, తన తల్లిని, మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని క్యూర్‌పైప్ చేరాడు. దొరలు కూడా ఆ జ్వరానికి భయపడే అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు గనక ఈ ఒక్క విషయంలో మాకూ వాళ్ళకూ అభిప్రాయభేదం లేదు. బంగళాలో తోటపని దొరికింది, పనితో పాటు వెనక గది దొరికింది. పని ఉన్నన్నాళ్ళే గది, గది ఉన్నన్నాళ్ళే చెల్లెలు. ఇది మాకెవరూ విడమరిచి చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. ఏడాదిలో సగం రోజులు మంచు, మిగతా సగం వాన, ఉతికిన బట్ట ఆరడమంటే ఒక పండగ. అయినా మా చెల్లెలు ఆ మంచులో బుగ్గలు ఎర్రబడి, కోడిపిల్లలా తిరిగేది.

ఇక దొరసాని పచ్చిక. ఎక్కడో ఐరోపా నుంచి విత్తనం తెప్పించి వేసిన సన్నటి గడ్డి అది. దాని మీద వాళ్ళు క్రోకే అనే ఆట ఆడేవారు. కొయ్య బంతిని కొయ్య సుత్తితో కొట్టి, నేలలో గుచ్చిన ఇనుప కమ్ముల కిందుగా దొర్లించాలి. బంతి తిన్నగా దొర్లితే అందరూ నాజూకుగా చప్పట్లు కొడతారు. మా చెల్లెలి ప్రాణం ఒక కొయ్య బంతి తిన్నగా దొర్లడం మీద ఆధారపడి ఉందని ఆ చప్పట్లు కొట్టేవాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలిసినా ఆట మానేవారు కాదనుకోండి.

ఆ పచ్చిక అంచున ఒక ఏడాది గరిక కనిపించింది. వానల్లో అంతా పచ్చగా ఉంటుంది గనక కొత్తవాళ్ళు పోల్చుకోలేరు, కాస్త వంగి చూడాలి. తీగ నేలకు కరుచుకుని పాకుతుంది, కణుపు కణుపుకీ వేరు దింపుతుంది, పూత వచ్చినప్పుడు పిట్ట కాలి వేళ్ళలా విప్పుకుంటుంది. అసలు సంగతంతా కింద ఉంటుంది. తెల్లటి గట్టి తీగలు సూదిలాంటి మొనలతో మట్టిని తొలుచుకుంటూ పోతాయి. చెరకు తోటల్లో కలుపును పారతో నరకడం అలవాటైన నాన్న మొదట దీన్నీ నరికాడు. గరికను నరకడమంటే దాన్ని నాటడమే, ప్రతి ముక్కా ఒక మొక్క అయింది. తర్వాత తప్పు తెలుసుకుని, నాలుగు పళ్ళ పారతో నేలను కదిలించి, తీగను తెగకుండా మొదలంటా లాగి, తీసినదాన్ని మా గది రేకుల మీద ఆరబెట్టేవాడు. క్యూర్‌పైప్‌లో దేన్నైనా ఎండబెట్టాలంటే గొప్ప ఆశావాది అయి ఉండాలి. ఇంకా మిగిలిన చోట గోనెసంచులు పరిచి వెలుతురు తగలకుండా కప్పేవాడు, ఎందుకంటే గరిక దేన్నయినా ఓర్చుకుంటుంది గాని చీకటిని ఓర్చుకోదు. ఒకచోట పోయిందనుకుంటే వారం తిరక్కుండా కమెలియా అనే పూల పొదల దగ్గర కొత్తది తేలేది. గాలికి వస్తోందన్నాడు, పిట్టలు తెస్తున్నాయన్నాడు, పేడబండి మీద అనుమానపడ్డాడు, కొన్నాళ్ళు పక్క బంగళా తోటమాలితో మాటలు కూడా మానేశాడు. ఆ పక్క తోటమాలి నాన్న తనతో మాట్లాడటం లేదని గమనించనే లేదు.

వినాయక చవితి నాటి పొద్దున, మంచు ఇంకా విడకుండానే, నాన్న పార భుజాన వేసుకుని పచ్చిక వైపు వెళుతుంటే చెల్లెల్ని చంకనేసుకుని నేనూ వెనకే వెళ్ళాను. కమెలియా పొదల కింద నాయనమ్మ తడిబట్టతో గొంతుక్కూర్చుని, పూజలో పెట్టిన గరికను వేళ్ళతో సహా మట్టిలో సర్ది, పైన తీర్థం పోస్తోంది.

"అమ్మా, ఏటి చేస్తన్నావు?"

"కనపడ్డం లేదేటిరా? పూజ పత్రి. ఎవురూ తొక్కని చోట పెట్టాలి కదా. కాలవలో వేద్దామంటే అందులో వీళ్ళ వంటింటి మాంసం నీళ్ళు పోతన్నాయి. ఈ ఇంటిలో ఎవురూ తొక్కని చోటు ఇదొక్కటే. నువ్వే కదా చెప్పినావు, దీని మీద కాలు పెడితే మదామ్ ఊరుకోదని."

"ఎప్పట్నించి పెడతన్నావు?"

"పాపకి జొరంతో ఒళ్ళు కాలిన కాడ్నించీ. నెలనెలా చవితికి పూజ చేస్తానని మొక్కుకున్నాను. ఈ చుట్టుపట్ల ఒక్క పోచ లేకుండా చేసేసినావు నువ్వు, ఆ రైలుకట్ట దాకా పోయి వేళ్ళతో పీక్కొచ్చి, తడిగుడ్డలో దాచుకుంటన్నాను. చూడు మరి, ఎలాగుందో పిల్ల."

పిల్ల అప్పటికే నా చంక దిగి పొద కింద రాలిన పువ్వులు ఏరుతోంది. నాన్న దాన్ని చూశాడు, తల్లిని చూశాడు, భుజాన ఉన్న పారను దించి నేలకానించాడు.

"మంచిపని చేసినావు," అన్నాడు. పారను మళ్ళీ భుజానికెత్తుకుని, "ఇకనించి పత్రి నాకియ్యి. నేను పెడతాలే," అన్నాడు.

అప్పటి నుంచి ఏ నెల పత్రి ఆ నెల తీసుకెళ్ళి దూరంగా వాగులో వదిలేవాడు గాని అప్పటికే నేల కింద దేవుడు తన ఏర్పాట్లు తను చేసుకున్నాడు. మరుసటి ఏడు చలికాలంలో దొరసాని గడ్డి పచ్చగా ఉండగా గరిక మాత్రం దాని అలవాటు ప్రకారం ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఆకుపచ్చ చీర మీద టీ ఒలికినట్టు మరకలు. ఒక మధ్యాహ్నం చుట్టాల ముందు దొరసాని కొట్టిన బంతి అలాంటి ఒక మరక దగ్గర తీగకు తట్టుకుని ఆగిపోయింది.

దొరసాని చెడ్డది కాదు. చెడ్డదై ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని నాన్నను మెల్లిగానే అడిగింది. తెలియదు మదామ్ అన్నాడు. కలుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని తోటమాలి ఎందుకని ఆవిడ అనుకుంది, అందులోనూ తప్పేమీ లేదు. ఆ నెలాఖరున మేం గది ఖాళీ చేస్తుంటే చెల్లెలికి ఒక మంచి ఉన్ని శాలువా ఇచ్చింది. చెమటలు కారే తీరానికి పోయేవాళ్ళకు ఉన్ని శాలువా ఏమిటని రైల్లో నేను వేళాకోళం చేశాను. అది బాగానే పనికొచ్చింది. చలిజ్వరం వణుకు మొదలైతే బెల్ ఎయిర్ ఎండలో కూడా ఎన్ని కప్పినా చాలదు.

క్వినైన్ మింగించాం. ఇక్కడ గరికకు కొరత లేదు గనక నాయనమ్మ నెలకోసారి కాకుండా రోజూ పూజ చేసింది. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం చెల్లెలికి వణుకు ఆగింది. నిద్రపట్టిందనుకుని మేం గట్టిగా మాట్లాడకుండా చాలాసేపు జాగ్రత్తపడ్డాం.

చెరకు తోట వెనక వాలులో పూడ్చారు. కొత్త మట్టి వానకు జారిపోతోందని నాయనమ్మే ఆ దిబ్బ మీద గరిక నాటింది. గరికను చూస్తే చెయ్యి ఊరుకోని మా నాన్న ఏ పూటకాపూట బకెట్‌తో నీళ్ళు మోసి దానికి పోశాడు.

"కొండ మీద ఉన్నన్నాళ్ళూ నా పూజ పిల్లని కాసిందిరా," అంది నాయనమ్మ. "ఎందుకు దిగొచ్చేసినాం మనం?"

"నా పని నచ్చలేదమ్మా మదామ్‌కి."

ఆవిడ ఆ మాట నమ్మింది. బతికినన్నాళ్ళూ వచ్చినవాళ్ళకల్లా చెప్పింది, నా కొడుకు ఒళ్ళొంచి పని చేసుంటే నా మనవరాలు బతికి ఉండేదని. మాంటాన్ బ్లాంష్ ఊరి నుంచి నా పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పింది. నాన్న పక్కనే కూర్చుని వినేవాడు, ఒక్కోసారి అవునన్నట్టు తలూపేవాడు. నేను ఒకసారి నోరు తెరవబోతే నా వైపు చూశాడు, అంతే, మూసుకున్నాను. హాస్యానికి కూడా పనికిరాని నిజాలు కొన్ని ఉంటాయని ఆ ఒక్క చూపుతో తెలిసింది. నాయనమ్మ పోయింది, కిందటేడు నాన్నా పోయాడు. ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాళ్ళెవరూ మిగల్లేదు గనక మీకు చెబుతున్నాను.

కాలం మారింది. ఆ బంగళా చేతులు మారిందట, క్రోకే ఆట ఎవరికీ గుర్తులేదట. మా ఆయన చూసి మురిసిపోయి వచ్చిన పచ్చికల్లో సగం గరికేనట. ఎంత తొక్కినా చావదని, ఇప్పుడు కొత్త ఇళ్ళవాళ్ళు కూలీలను పెట్టి మరీ నాటిస్తున్నారని ఆయనే భోజనాల దగ్గర, ఉప్పు కూరను ఓర్చుకుంటూ చెప్పారు. నేను మజ్జిగ పోశాను. నాన్న ఇంకొన్నాళ్ళు ఆ తోటలో నిలదొక్కుకుని ఉంటే, ఏ గరిక కోసం పని పోగొట్టుకున్నాడో అదే గరిక నాటడానికి జీతమిచ్చేవారు. చెల్లెలికి ఈపాటికి పెళ్ళీడు వచ్చేది, నాలాగే కూరల్లో ఉప్పు రెండుసార్లు వేసేది.

ఆ సాయంత్రం, మా ఆయన పీకి పోగేసిన గరికను పారేయకుండా బుట్టలో వేసుకుని వాలు దగ్గరికి వెళ్ళాను. చుట్టూ ఉన్న దిబ్బలు చాలావరకు వానలకు కొట్టుకుపోయి చదునైపోయాయి, ఎవరి పిల్లలెక్కడున్నారో ఇక తెలియదు. మాది ఇంకా ఉంది. చెరకు బండి చక్రం తగిలి ఒక పక్క అంచు కాస్త విరిగింది, అక్కడ బుట్టలోది సర్ది నీళ్ళు పోశాను. ఏటవాలు నేల మీద మట్టి జారకుండా ఉండటానికి గరిక మంచిది. నాటేటప్పుడు కణుపులు మట్టిలోకి దిగేలా చూసుకుంటే చాలు.